నత్త వీపు మీది కిటికీ

రోడ్డు సగం దాటాక గానీ ఆమెకు తెలియలేదు, తను నడవడం లేదు, పారిపోతోందని. పారిపోవడమంటే మరీ దూరమేం కాదు, గొంతు డాక్టరు ఆసుపత్రి మెట్ల దగ్గర నుంచి ఎదురుగా మూడు వీధులు కలిసే చోట ఉన్న ఆ చిన్న తోట దాకా, అంతే. భర్త మందుల కిటికీ ముందు వరసలో నిలబడి ఉన్నాడు, అతనికి ముందున్న పెద్దమనిషి ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఒక్కొక్కటే మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంటున్నాడు, ఇప్పట్లో తెమిలేది కాదు, బయట ఉంటానని ఆమె వేలితో చూపిస్తే సరేనని తలూపాడు. నెల పైనుంచీ అలవాటైన సైగలు. నోరు తెరవచ్చని డాక్టరు చెప్పిన తర్వాత కూడా ఆమె సైగే చేసింది, అతనికి అది వింతగా తోచలేదు, లేదా తోచినా పైకి తేలనివ్వలేదు. మొహం నిండా నవ్వే అతనికి. "గండం గడిచింది" అన్నాడు డాక్టరు గది తలుపు దాటగానే, ఆమె చెయ్యి పట్టుకుని. నలుగురిలో చెయ్యి పట్టుకునే రకం కాదు మనిషి. నిజమే, గడిచింది. గొంతులో బఠాణీ గింజంత గడ్డ, దాన్ని కోసి తీసి, పరీక్షకు పంపి, చెడ్డది కాదని తేల్చి, పుండు కూడా మానిందని ఇవాళ సన్నటి గొట్టం లోపలికి పంపి చూసి మరీ చెప్పారు. ఇంకేం కావాలి? గుండె మీది బండ దిగిపోవాలి కదా. దిగలేదు. పైగా ఆ బండ మీద ఇంకెవరో ఎక్కి కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్నట్టుంది.

ఎదురుగా నత్త. బస్సంత నత్త. రాగి రేకులు అతికి చేశారు దాన్ని, వానలకు తడిసి ఎండలకు ఎండి అక్కడక్కడ పచ్చబారింది, పిల్లలు ఎక్కి జారిన చోట్ల మాత్రం తోమిన గిన్నెలా మెరుస్తోంది. వీపు మీద గుల్ల ఉంది, ఆ గుల్లకు ఒక తలుపూ, తలుపుకు గడియా, పక్కన ఉత్తరాల పెట్టె, పైన వంకర పొగగొట్టం. చేసినవాడెవడో గానీ కుదురుగా కూర్చునే మనిషి అయి ఉండడు. కొమ్ముల చివర రెండు కళ్ళు. ఒక కన్ను వీధి వంక చూస్తుంటే రెండోది వెనక్కి తిరిగి తన ఇంటి తలుపు వంకే చూస్తుంటుంది, తాళం వేశానా లేదా అని సగం దారిలో అనుమానం వచ్చిన ఇల్లాలిలా. తోక చివర బూరా మూతిలా వెడల్పాటి రంధ్రం ఉంది, అక్కడ మాట్లాడితే ఆ మాట గుల్ల లోపల చుట్లు చుట్లుగా తిరిగి అవతలి పక్క కిటికీలోంచి బయటికి వస్తుందట, అదీ తీరిగ్గా వస్తుందని పేటలో పిల్లల నమ్మకమట, ఆసుపత్రిలో నేల తుడిచే ఆవిడ చెప్పింది. గడ్డ సంగతి తేలని రోజుల్లో ఆ హాల్లో కూర్చుని ఆమె అద్దంలోంచి ఈ నత్తనే చూసేది. ఎవరెవరో వచ్చేవాళ్ళు. సూటు వేసుకున్న ఒకాయన అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, వంగి తోకలో ఏదో అని, బ్యాగు పుచ్చుకుని గబగబా వెళ్ళిపోయాడు ఒకసారి. ఏమన్నాడో. అవతలి కిటికీ దగ్గర ఎవరూ లేరు. ఆ మాట ఎవరికీ చేరకుండానే గాల్లో కలిసిపోయి ఉంటుంది. అప్పుడు ఆమెకూ అనిపించింది, నేనూ వెళ్ళి ఒకమాట అనాలని. కానీ మాట్లాడకూడదు, మాట్లాడకూడదన్నారు, గుసగుస కూడా వద్దన్నారు, గుసగుస మరీ వద్దన్నారు.

ఇల్లంతా ఆ నెలలో తలకిందులైంది. అంతకు ముందు ఆ ఇంట్లో మాటంటే ఆమెదే, కళ్ళజోళ్ళ దుకాణంలో రోజంతా అద్దాలు సానబట్టి వచ్చే భర్త అవును, కాదు, చూద్దాం అన్న మూడు మాటలతో రోజు గడిపేసేవాడు. ఆమె నోరు మూతపడగానే ఆ ఖాళీని చూసి భయపడ్డాడో ఏమో, మాట్లాడటం మొదలుపెట్టాడు. పాత జోడు తీసేసి కొత్త ఫ్రేములు పెట్టుకుని అద్దంలో తనెవరో తనకే కనపడక మూతి ముడుచుకున్న మనిషి సంగతి, చిన్నప్పుడు బావిలోకి తొంగి చూస్తే తన మొహం తనని పిలిచిందని జడుసుకున్న సంగతి, ఒకటా రెండా. ఆమె కంచం ముందు కూర్చుని నోరు తెరవకుండా వినేది, ఇన్నాళ్ళూ ఇవన్నీ ఎక్కడ దాచాడీయన అనుకునేది. పిల్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, పిచ్చుక అని వాళ్ళ నాన్న పిలిచే ముద్దుపేరు, పేరుకు తగ్గట్టే ఒకచోట వాలదు; అమ్మ ఉద్యోగం తాత్కాలికంగా తనదేనని ప్రకటించి, గరిట నోటి దగ్గర పెట్టుకుని, వంటింటి నుంచి హాలుకు రావలసిన పాలగ్లాసు అనివార్య కారణాల వల్ల ఆలస్యంగా నడుస్తున్నదని చెప్పేది. అచ్చం ఆమె గొంతు, ఆమె తీరే. భర్త పడీ పడీ నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది, శబ్దం లేకుండా, భుజాలతో.

ఆమె గొంతు ఊరందరికీ తెలుసు, మొహం ఎవరికీ తెలియదు. బస్ స్టేషన్ మేడ మీద గాజు గది, గదిలో ఒక బల్ల, బల్ల మీద మైకు, కింద వానలో గొడుగుల్లా కదిలే తలలు. ప్రయాణికులకు విజ్ఞప్తి అని ఆమె అనగానే ఆ తలల్లో కొన్ని ఠక్కున పైకి లేచేవి, ఎవరో పిలిచినట్టు. ఎన్ని వేలసార్లు అని ఉంటుంది ఆ మాట. కొత్త బట్టల దుకాణంలో ఒకసారి ధర అడుగుతుంటే పక్కనున్న ముసలాయన ఉలిక్కిపడి సంచీ భుజాన వేసుకున్నాడు, బస్సు కదులుతోందేమోనని. ఇప్పుడు ఆ గదిలో ఎవరూ లేరు, ఆపరేషనుకు సెలవు పెట్టగానే కంప్యూటరు గొంతు పెట్టారు, అది బాగానే చెబుతోందట, దగ్గదట, సెలవు అడగదట. పై అధికారి ఫోనులో నవ్వుతూ అన్నాడు, భర్త ఆ ఫోను స్పీకరులో పెట్టాడు, ఆమె విని తలూపింది, తలూపితే ఫోనులో ఏం వినపడుతుంది. తిరిగి రాగానే విచారణ కిటికీ దగ్గర కూర్చోవచ్చులెండి అన్నాడు. విచారణ కిటికీ అంటే ఎదుట మనిషి. మనిషి మొహం. ఆ మొహం మనం ఏమంటామా అని చూస్తూ ఉంటుంది.

డాక్టరు కూడా అలాగే చూశాడు ఇందాక. కుర్రాడే, కాలేజీ రోజుల్లో మీ గొంతు వినకుండా ఊరు కదిలింది లేదండీ అని మొదటిరోజే అన్నాడు, ఆ అభిమానంతోనే అన్నాడు ఇవాళ కూడా, "ఏదో ఒక ముక్క ఎందుకు, రోజూ చెప్పేదే చెప్పండి, విని ఎన్నాళ్ళైందో" అని. నర్సు కూడా చేతిలో పని ఆపింది. భర్త కుర్చీ అంచుకు జరిగాడు. ఆమె నోరు తెరిచింది, తెరవడం కాదు, మూసింది, ఆ మాట మొదలవ్వాలంటే ముందు పెదవులు కలవాలి, కలిశాయి. విడిపడలేదు. ఒక పెదవి మీద ఇంకో పెదవి, మధ్యలో ఊపిరి ఇరుక్కుపోయి, మెడ నరాలు బిగిసి, కళ్ళు వాటంతట అవే మూసుకుని, ప్, ప్, ప్, అంతే, గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు అక్కడే ఆగింది. ఎంతసేపో. కుర్చీ కిర్రుమంది. "కంగారు లేదండీ, ఇంకా వాపు ఉంటుంది, రోజుకు కొంచెం కొంచెం మాట్లాడండి, అదే దారికి వస్తుంది" అన్నాడు డాక్టరు. భర్త కూడా అదే నమ్మాడు. వాపు. పాపం, వాపు. ఆ గదిలో ఆమె ఒక్కదానికే తెలుసు అది వాపు కాదని, అది ఎప్పటి చుట్టమో, ఏ దారిన వెళ్ళిందో, ఎన్నేళ్ళకు తలుపు తట్టిందో.

చిన్నప్పుడు ఆమెను బడిలో ఎవరూ పేరుతో పిలవలేదు, నత్తి అనేవాళ్ళు. ఏయ్ నత్తీ, బంతి అందుకో. హాజరు పిలిచేటప్పుడు తన వంతు దగ్గర పడుతున్న కొద్దీ అరచేతుల్లో చెమట, అందరూ ఉన్నాను టీచర్ అంటే ఆమె లేచి నిలబడేది, నిలబడితే మనిషి ఉన్నట్టేగా, కానీ టీచరు నోటితో చెప్పమనేది, వెనక బెంచీలు అప్పటికే నవ్వు బిగబట్టి ఉండేవి. దారి చూపించింది అక్క. ఇంటి వెనక సిమెంటు వాకిట్లో తాడాట ఆడుతూ, ఎగురుతూ ఉంటే చెల్లెలి నోటి వెంట మాట గుక్క తిప్పుకోకుండా వస్తోందని మొదట కనిపెట్టింది అక్కే. ఎగురు, ఇప్పుడు చెప్పు, ఎగురు, ఇప్పుడు చెప్పు, సాయంత్రాలన్నీ అదే పని, కాళ్ళు లాగేసేవి, పాఠమంతా ఎగురుతూ అప్పజెప్పేది, తర్వాత తాడు లేకుండా మనసులో ఎగురుతూ. మైకు ముందు అదే లయ. గాజు గదిలో ఎవరూ లేరు, తను తను కాదు, స్టేషను గొంతు, ఆ గొంతుకు నత్తి లేదు. కిందికి దిగితే మాత్రం కాపలా. ఏ మాట ముందుందో ఒక అడుగు దూరం నుంచే పసిగట్టి, పెదవులు కలిసే అక్షరమైతే పక్కకు తప్పుకోవడం, ఇంకో మాట వెతుక్కోవడం. ఇంటి హాల్లో సోఫా ఎర్రది. ఆమెకు పసుపురంగుది కావాలి, దుకాణంలో వేలు పెట్టి చూపిద్దామంటే అది చాటున ఉంది, నోటితో అడగాలి, అడగబోయి ఎర్రది ఇవ్వండి అంది. ఇన్నేళ్ళుగా ఆ ఎర్ర సోఫా మీద కూర్చుంటోంది. ఎర్ర రంగంటే నీకెంత ఇష్టమో అని భర్త ఒక పుట్టినరోజుకు ఎర్ర శాలువా కూడా తెచ్చాడు, ఇప్పుడు మెడకు చుట్టుకున్నది అదే.

ఎవరికీ తెలియదు, అక్కకు తప్ప. ఇది మనిద్దరి మధ్యే అంది అక్క ఆ రోజుల్లోనే, ఒట్టు. పెళ్ళైంది, పిల్ల పుట్టింది, కాపలా మనిషి ఒక్క పూట కూడా సెలవు తీసుకోలేదు, అలిసిపోయానని కూడా అనుకోలేదు. ఈ నెల మౌనంలోనే కాబోలు, ఏ పనీ లేక, ఆ కాపలా మనిషి కునుకు తీశాడు. గడ్డ మంచిదేనని కాగితం వచ్చిన రోజు భర్త గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు, ఆమెకు మాత్రం ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు. ప్రాణం దక్కింది, అక్షరం కోసం ఏడుస్తానా అని ఇప్పుడు తనను తనే తిట్టుకుంది, పక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్ళలో ఎందరికి ఆ కాగితం రాలేదో తెలుసా అని, సిగ్గు లేదా అని. తిట్టుకున్నా బండ కదల్లేదు. కాళ్ళ కింద గడ్డి మెత్తగా ఉంది. ఆమె నత్త తోక దగ్గరికి వచ్చేసింది.

బడి వేళ, పిల్లలెవరూ లేరు. చెయ్యి ఆనిస్తే రాగి వెచ్చగా ఉంది, ఎండ తాగిన జంతువులా. మోకాలి ఎత్తున ఉంది బూరా మూతి, ఎందరు చేతులు ఆనించారో దాని అంచు అరిగి నున్నబడింది. వంగింది. లోపల చీకటి, చెవి పెడితే గుమ్మని హోరు, ఎక్కడో దూరంగా పెద్ద వంటపాత్రలో గాలి తిరుగుతున్నట్టు. ఇక్కడ మొహం లేదు. ఇది కూడా గాజు గదిలాంటిదే అనుకుంది, మనసులో తాడు తిప్పింది, ఎగిరింది, ప్, ప్, కాలికి తాడు తగిలి పడింది. మళ్ళీ. మళ్ళీ పడింది. వీపు మీద చెమట. ఆ బూరా అంచు రెండు చేతులా పట్టుకుని ఊపిరి మాత్రం వదులుతూ ఉండిపోయింది, ఎంతకని వంగి ఉంటుంది మనిషి, ఇక లేద్దామనుకుంటుండగా లోపలి నుంచి, ఆ చుట్లన్నీ దాటుకుని, కాస్త జలుబు చేసినట్టున్న ఒక ముసలి గొంతు వచ్చింది.

"ఎవరమ్మా అది? ఊపిరి వినపడుతోంది, మాట వినపడటం లేదు."

ఆమె ఉలిక్కిపడి నాలుగడుగులు వెనక్కి వేసింది. నత్త గుల్ల ఎత్తుగా ఉంది, అవతలి పక్క కనపడదు. వెళ్ళిపోవచ్చు. ఎవరు చూశారు? ఆ ముసలావిడకు తను గాలి, అంతే. కానీ ఆ గొంతులో ఏదో ఉంది, తొందర లేకపోవడం లాంటిది, బట్టలు ఆరేసుకుంటూ పక్కింటి మనిషిని పలకరించినట్టు. ఆమె తిరిగి వంగింది.

"న... న... నేను."

"నేనంటే?"

"నాకు... న... న... నత్తి."

"నత్తే! నత్త కాక మరేమిటి, ఏనుగా? అది నాకు తెలుసు, నువ్వెవరని అడుగుతున్నా."

ఆమె గొంతులోంచి ఏదో పొడిగా బయటపడింది, మొదట దగ్గనుకుంది, కాదు, నవ్వు. నెల రోజుల తర్వాత మొదటి నవ్వు, శబ్దంతో. పెద్దయ్యాక ఆ మాట తన నోటితో తను అనలేదు ఎన్నడూ, ఇప్పుడు అంటే అది కాస్తా రాగి జంతువైంది. "నత్త కాదండీ" అంది, "నత్తి. మా... మాట తడబడుతుంది."

"ఓ, అదా. నాకు చెవుడు. సరిపోయింది మనిద్దరికీ." అవతల ముసలావిడ కాస్త సర్దుకుని కూర్చున్న చప్పుడు. "ఇంట్లో ఎవరేమన్నా నాకు చెవికెక్కదు తల్లీ. ఈ కిటికీలో చెవి పెడితే మాత్రం గంట కొట్టినట్టు వినపడుతుంది. మా అమ్మాయి నాతో పోట్లాడాలనుకుంటే చెయ్యి పట్టుకుని ఇక్కడికి తీసుకొస్తుంది. తోక దగ్గర అది, ఇక్కడ నేను. అయిపోయాక ఇద్దరం ఇంటికెళ్ళి పడుకుంటాం. ఇంతకీ నువ్వు ఎవరితో పోట్లాడదామని వచ్చావు?"

ఎవరితో. ఎవరితోనూ కాదు. ఆమె నేల మీద చతికిలబడింది, గడ్డి తడిగా ఉందేమోనని కూడా చూడలేదు, బూరా అంచుకు బుగ్గ ఆనించి చెప్పడం మొదలుపెట్టింది. తడబడింది. విరిగింది. ఒక్కో మాట దగ్గర ఆగి, ఆగిన చోటే నిలబడి, పక్కకు తప్పుకోకుండా, ఇంకో మాట వెతుక్కోకుండా, పెదవులు కలిసే అక్షరాలన్నింటినీ వరసగా ఢీకొంటూ. బస్సు అంది, మైకు అంది, పసుపు అంది, అబ్బ, పసుపు అనడానికి ఎంతసేపు పట్టిందో, ఆ మాటను సగంలో వదిలేయలేదు, సోఫా కోసం అనలేనిది ఈ నత్త కోసం అంది. అవతలి నుంచి ఊఁ, ఊఁ అని తప్ప చప్పుడు లేదు. ఎవరూ మాట అందించలేదు. చిన్నప్పుడు అందరూ అందించేవాళ్ళు, ఆమె ఇరుక్కుపోగానే జాలిపడి మిగతా మాట తామే చెప్పేసేవాళ్ళు, ఆమె అనదలచుకున్నది అది కాకపోయినా అవునని తలూపేది. గొంతు బొంగురుగా ఉంది, పాత గొంతు కాదు, దాని కింది అంతస్తులో ఎవరో మాట్లాడుతున్నట్టుంది. "సొరుగు లాగినట్టుంది నీ గొంతు, తేమకు ఉబ్బిన చెక్క సొరుగు" అంది ముసలావిడ మధ్యలో ఒకసారి, ఏ మాత్రం మొహమాటం లేకుండా. "కానీ వస్తోంది. లాగు."

"ఇంట్లో వాళ్ళేమంటారు?" అని కూడా అడిగింది, ఇంకాసేపటికి.

"ఇంట్లో తెలీదండీ. మా... మా ఆయనకు కూడా. ఇన్నేళ్ళూ దా... దాచాను."

ఊఁ అనలేదు ముసలావిడ. ఏదో కదిలిన చప్పుడు, బెంచీ మీద కాబోలు, ఒకరు జరిగి ఒకరికి చోటిచ్చినట్టు. గుల్లలో గాలి గుమ్మంది. తర్వాత ఎవరో గొంతు సవరించుకున్నారు, ఆ సవరింపు ఆమెకు తెలుసు, పొద్దున్నే అద్దం ముందు వినపడే సవరింపు.

"తెలుసు" అంది ఆ గొంతు. భర్త గొంతు.

ఆమెకు నోట మాట రాలేదు, ఈసారి అందరికీ రానట్టే రాలేదు.

"మందులు తీసుకుని వచ్చేసరికి నువ్వు లేవు. ఇటు వచ్చాను. ఈవిడ చెవి పెట్టి వింటున్నారు, నీ గొంతే. చోటిచ్చారు." ఆగాడు. "మీ అక్క చెప్పింది. పెళ్ళికి ముందు దుకాణానికి వచ్చింది, కళ్ళజోడు వదులైందని. బిగిస్తుంటే చెప్పింది, మా చెల్లికి చిన్నప్పుడు నత్తి, తర్వాత తెలిసి చిన్నచూపు చూస్తారేమోనని ముందే చెబుతున్నా అని."

"మ... మరి?"

"మరేముంది. అలాగా అన్నాను. జోడు బిగించి ఇచ్చాను. తర్వాత మర్చిపోయాను."

మర్చిపోయాడు. ఆమె అలాగే కూర్చుంది, ఆ మాట చెవిలో తిరిగి తిరిగి ఎక్కడ దిగాలో తెలియనట్టు తిరుగుతోంది. అక్క మీద కోపం రావాలి, వచ్చింది, ఒట్టు వేసి మరీ చెప్పేసింది, ఆడ గూఢచారి. వచ్చినది నిలవలేదు, దుకాణంలో స్టూలు మీద కూర్చుని, జోడు లేని కళ్ళు చికిలించుకుని, చెల్లెలి కోసం ఎదుటి మనిషి మొహాన్ని చదవబోయి మసకలో ఏమీ చదవలేకపోయిన అక్క కనిపించింది. ఇక ఈయన. తను పగలంతా కాపలా కాసి, మాటలు మార్చి, రంగులు మార్చి, ఫోను మోగితే స్నానాల గదిలోకి దూరి, గోడ కట్టుకుంటూ వచ్చిన ఆ రహస్యాన్ని ఈయన ఎక్కడో గొడుగు మర్చిపోయినట్టు మర్చిపోయాడు! నన్నడిగితే ఎంత శ్రమ తప్పేది అనిపించింది, అడగడానికి ఆయనకు గుర్తుంటేగా అనిపించింది, ఆ రెండో అనిపించడంతో పాటే పక్కటెముకల కింద ఏదో గడియ ఊడింది. ఊపిరి లోపలికి వెళ్ళింది, చాలా లోపలికి, చాలా ఏళ్ళుగా ఎవరూ దీపం పెట్టని గదుల దాకా వెళ్ళి తిరిగి వచ్చింది. అమ్మయ్య, అనుకుంది. అనుకోవడం కాదు, పైకే అంది, తడబడకుండా వచ్చింది, వచ్చిందని గమనించను కూడా లేదు.

"ఒకటి అడగనా" అన్నాడు భర్త. గొంతు కొంచెం తగ్గింది. "పిల్ల పుట్టినప్పుడు. మా అమ్మ పేరు పెడదామంటే వద్దన్నావు."

గుర్తుంది. పురిటి మంచం మీద, పిల్ల ఇంకా ఎర్రగా, గుడ్డలో చుట్టిన గుప్పెడు. అతను ఆ పేరు చెప్పాడు, చెప్పి తనవంక చూశాడు. అప్పటికి అత్తగారు పోయి ఏడాది కూడా కాలేదు. ఆ పేరు పెదవులు కలిసే అక్షరంతో మొదలవుతుంది. రోజుకు వందసార్లు పిలవాలి, వీధిలోకి కేకేసి పిలవాలి, బడి గేటు దగ్గర నలుగురిలో పిలవాలి, కన్నబిడ్డను పిలవలేక ప్, ప్ అంటూ నిలబడిన తను కనిపించింది ఆమెకు. పాతకాలం పేరు, బాగాలేదు అంది మొహం పక్కకు తిప్పుకుని. అతను చూద్దాం అన్నాడు, ఇక ఎత్తలేదు.

"అ... అందుకేనండీ" అంది బూరాలోకి. "ప... పిలవలేననే. పేరు చాలా మంచి పేరు."

ముసలావిడ అందుకుంది, కిటికీకి దూరంగా ఉందేమో, సన్నగా వినపడింది: "ఏమంది? నాకు వినపడలేదు. ఈయనేమిటి, కళ్ళు తుడుచుకుంటున్నాడు?"

"మంచి పేరేనంది" అన్నాడు భర్త ఆవిడ చెవిలో గట్టిగా. తర్వాత కిటికీలోకి, ఎవరూ వినకూడదన్నట్టు, "నీకు మా అమ్మంటే పడలేదనుకున్నాను. ఇన్నాళ్ళూ. అడగడానికి నోరు రాలేదు."

నోరు రాలేదట. ఈయనకు! ఆమె గడ్డి మీద నుంచి లేచింది, మోకాళ్ళు తడి, శాలువా జారిపోయింది, ఎత్తి భుజాన వేసుకుని నత్త వెంబడి నడిచింది, తోక నుంచి గుల్ల పక్కగా, రేకుల అతుకుల మీద అరచెయ్యి రాసుకుంటూ. పొయ్యి మీంచి దించిన గిన్నె మూత తీస్తే ఆవిరి ఎలా పోతుందో అలా ఒంట్లోంచి ఏదో పోతోంది, పోనీ, ఎంత పోతే అంత పోనీ. రేపు విచారణ కిటికీ దగ్గర కూర్చోబెడతారు, కూర్చుంటుంది, మొహాలు వస్తాయి, ఆగమంటుంది, ఆగుతారు, ఆగనివాళ్ళు పక్క కిటికీకి పోతారు. బస్సులు ఎవరు చెప్పినా చెప్పకపోయినా వేళకు కదులుతూనే ఉన్నాయిగా. గుల్ల మలుపు తిరిగితే కిటికీ కింద చిన్న బెంచీ, బెంచీ మీద ఆకుపచ్చ స్వెట్టరు వేసుకున్న పిట్టంత ముసలావిడ, పక్కన మందుల సంచీ ఒళ్ళో పెట్టుకుని భర్త, కిటికీకి ఇంకా చెవి ఆనించే ఉన్నాడు, ఆమె ఎదుటికి వచ్చి నిలబడినా తోక దగ్గరే ఉందనుకుని వింటున్నాడు.

"వచ్చింది చూడు" అని మోచేత్తో పొడిచింది ముసలావిడ. ఆమెను కింది నుంచి పైకి చూసి, "ఇంత పొడుగు మనిషివా! గొంతు విని పొట్టిదానివనుకున్నాను" అంది. ఏమీ జరగనట్టు మళ్ళీ కిటికీకి చెవి ఆనించుకుంది, ఎండ కాచుకోవడానికి వచ్చినవాళ్ళు ఎండ కాచుకున్నట్టు.

ఇద్దరూ తోట దాటి బస్సు ఆగే చోటుకు నడిచారు. అతను మందుల సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు, ఖాళీ అయిన చేత్తో ఏం చెయ్యాలో తెలియక జేబులో పెట్టుకుని, తీసి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె ఆ పేరు అందామనుకుంది. అత్తగారి పేరు. ఆవిడ ఉండగా పెద్దవాళ్ళను పేరుతో పిలిచేదెవరు, పోయాక తలుచుకునేటప్పుడు మీ అమ్మగారు అంటూ తప్పుకుంది, మొత్తానికి ఒక్కసారి కూడా ఆ పేరు ఆమె నోట రాలేదు. జుట్టు ఆరబెట్టుకుంటూ రేడియోతో వాదించే మనిషి ఆవిడ, కోడలి చేతి మీద చెయ్యి వేసి నువ్వు మాట్లాడితే ఇల్లు నిండినట్టుంటుంది అనేది. ఆమె ఆగింది. పెదవులు కలిశాయి. అతను ఏమిటని అడగలేదు, మాట అందించలేదు, ఆమె పెదవుల వంక కూడా చూడలేదు, చెయ్యి వదలకుండా ఆమె భుజం పక్కన రోడ్డు వంక చూస్తూ నిలబడ్డాడు.

"డాక్టరు కొంచెమే మాట్లాడమన్నాడు" అన్నాడు ఒకసారి, మెల్లగా.

"ఇ... ఇ... ఇది కొంచెమే" అని మళ్ళీ పెదవులు కలిపింది.

బస్సు వచ్చింది. ఆగింది, తలుపు తెరుచుకుంది. లోపల జనం తక్కువే, కిటికీ పక్క సీట్లు ఖాళీగా ఉన్నాయి. డ్రైవరు వాళ్ళిద్దరినీ చూశాడు, చేతులు పట్టుకుని కదలకుండా నిలబడ్డ నడివయసు మొగుడూ పెళ్ళాన్ని.

"ఎక్కరా?" అన్నాడు.

"మా ఆవిడ మాట్లాడుతోంది" అన్నాడు భర్త. "మీరు వెళ్ళండి."